పొగ చచ్చిన బొగ్గులు

రాములమ్మ కుంపటి రాజేస్తుంటే చూడాలి. వెనక వసారాలో గొంతుక్కూర్చుని, అడుగున కొబ్బరి పీచు పరిచి, దాని మీద చితుకులు, ఆపైన తుమ్మ బొగ్గులు పేర్చి, అగ్గిపుల్ల గీసి పీచుకు అంటించేది. తర్వాత విసనకర్ర అందుకునేది. పొగ గుప్పున లేచి కళ్ళు మండించినా కదిలేది కాదు. మధ్యమధ్య విసనకర్ర పక్కన పెట్టి, మెడ ముందుకు చాచి, బుగ్గలు పూరించి నోటితో ఊదేది. మెల్లగా పొగ పలచబడేది. బొగ్గుల మీద నీలంగా సన్నటి మంట కాసేపు ఆడేది. అదీ తగ్గి, పైన బూడిద పొర తెల్లగా కమ్ముకుని లోపల ఎర్రగా కణకణలాడుతుంటే అప్పుడు తృప్తిగా తలాడించేది. పొగ చచ్చిందన్నమాట. పొగ చావని కుంపటిని బాలింత గదిలోకి తీసుకుపోయే మనిషి కాదు రాములమ్మ.

ఆ కుంపటి ఊరిది, బొగ్గులూ ఊరివే. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని కూతురు మౌనిక కడుపుతో ఉన్నప్పటి నుంచీ రాములమ్మ కలలు కంది. అంతలో సకల జనుల సమ్మె వచ్చి పడింది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. నిండు చూలాలిని పట్నం నుంచి ఆటోల్లో కుదిపి చిట్యాల దాకా తేవడం తన వల్ల కాదని అల్లుడు లింగస్వామి చెప్పేశాడు. బిడ్డ ఊరికి రాలేకపోతే ఊరినే బిడ్డ దగ్గరికి మోసుకుపోదామనుకుంది రాములమ్మ. నులక మంచం ఏదో ట్రాలీలో వేయించింది. బొగ్గుల సంచి కాళ్ళ దగ్గర, కుంపటి ఒళ్ళో పెట్టుకుని ఆటోలు మారుతూ ఎల్బీనగర్ చౌరస్తాలో దిగింది.

"ముసలమ్మా, పట్నంల కుంపట్లు దొరకవా?" అని ఆటోవాడు ఆట పట్టించాడు.

"దొరుకుతయి బిడ్డా. నా బిడ్డకు నా కుంపటే గావాలె," అంది రాములమ్మ.

కొత్తపేటలో త్రినాథరావు ఇంట్లో కింద వాటా మౌనిక వాళ్ళది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక ఇంత వసారా. గదికి పక్క సందులోకి ఒకే ఒక్క కిటికీ. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదు కదా, కాన్పయి మౌనిక ఇంటికి వచ్చిన రోజే రాములమ్మ పాత చీరొకటి చింపి కిటికీ సందుల్లో కుక్కింది. పైన వెంటిలేటర్‌కు ఇంకో ముక్క కుక్కింది. మౌనిక చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టింది. వావిలాకు కాచిన నీళ్ళతో ఒళ్ళు పోసి, మంచం మీద పడుకోబెట్టి, కిందికి కుంపటి నెట్టి, దుప్పటి నేల దాకా దించేది. వేడి నులక సందుల్లోంచి నడుముకు పట్టాలి. లేకపోతే వయసు పైబడ్డాక నడుము పట్టేసి పిల్ల తననే తిట్టుకుంటుందని ఆమె బెంగ.

పసిపిల్ల మాత్రం ఆ గదిలో తక్కువగానే ఉండేది. దానికి కారణం పైన ఉండే త్రినాథరావు భార్య ఇందిరాదేవి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి. పొద్దున్నే మెట్లు దిగి, చేతులు చాచి నిలబడేది.

"పాపని ఇటివ్వండి రాములమ్మగారూ. డాబా మీద లేతెండ తగిలితే ఎముకలు గట్టిపడతాయి. మీకూ పని తెములుతుంది."

మొదటి రోజు రాములమ్మకు ప్రాణం ఒప్పలేదు. పచ్చి పసిగుడ్డును ఆరుబయటికి తీసుకుపోవడమేంటని గొణిగింది. కానీ ఇందిరాదేవి ఒళ్ళో పాప నవ్వుతూ నిద్రపోవడం చూశాక ఆమె కొంగు పట్టుకుని, "అక్కా, జర పైలం," అని మాత్రం అంది. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం దాకా పాప పైనే. పాలకు ఏడిస్తే తప్ప కిందికి వచ్చేది కాదు.

వచ్చిపోయే ఆడవాళ్ళు మౌనికను చూసి ముక్కున వేలేసుకునేవారు. "బాలెంతంటే పాలిపోయి ఉండాలె. నీ బిడ్డ బుగ్గలు చూడు, దానిమ్మ గింజలే!" అనేవారు. రాములమ్మ పొంగిపోయి, వాళ్ళు వెళ్ళగానే ఉప్పు మిరపకాయలతో దిష్టి తీసేది.

ఒకనాడు మధ్యాహ్నం మౌనిక ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి బరువుగా, అరచెయ్యి చెమటగా ఉంది.

"అమ్మా, తలకాయ పలుగుతుందే. కాళ్ళకాడ ఎవరో కూసుంటున్నరు."

"ఎవరే?"

"ఏమో. ఆడమనిషి. వంగి కూసుంటది, మొఖం కనవడదు. నోటితోటి ఊదుతది. ఊదినప్పుడల్ల నా పాణం గుంజుకపోతున్నట్టయితది."

రాములమ్మ చటుక్కున తల తిప్పింది. మంచం కాళ్ళ వైపు చూసింది. అక్కడ గోడ, గోడకు తగిలించిన లింగస్వామి ఆర్టీసీ ఖాకీ చొక్కా, అంతకుమించి ఏమీ లేదు. కరెంటు పోయి ఉంది. సందులో త్రినాథరావు జనరేటర్ డబడబమంటోంది. సింగరేణిలోనూ సమ్మే కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని రోజులవి. ఇంటి ముందు గదిలో ఆయనకు జిరాక్స్ షాపు ఉంది. చైతన్యపురి కోచింగ్ పిల్లలు నోట్సుల కోసం బారులు తీరతారు కాబట్టి కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ లాగుతాడు.

పిల్లకు గాలి సోకిందని రాములమ్మకు అనుమానం కలిగింది. బాలింత చుట్టూ అలాంటివి తిరుగుతాయని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తలగడ కింద వేపాకు, ఇనుప ముక్క పెట్టింది. అలాంటివి నిప్పుకు భయపడతాయి. అందుకని మరునాడు కుంపట్లో ఇంకో రెండు గుప్పిళ్ళ బొగ్గులు ఎక్కువ పోసింది.

ఆ రోజు ముసురు పట్టింది. రాములమ్మ వంటింట్లో మిరియాల చారుకు పోపు వేస్తోంది. ఆమెకూ పొద్దుటి నుంచి తల దిమ్ముగానే ఉంది, ఆకలికి అనుకుంది. చారు దించి, గిన్నెతో గదిలోకి వచ్చి పిలిచింది. మౌనిక పలకలేదు. సగం మూసిన కళ్ళతో, ఎర్రటి బుగ్గలతో, దేనికో నవ్వుతున్నట్టు పడుకుని ఉంది. పెదవుల చివర లేత గులాబీ రంగు నురగ వస్తోంది. గొంతులో గురగురమని నీళ్ళ చప్పుడు. చేతిలో గిన్నె ఎప్పుడు జారిందో రాములమ్మకు తెలియదు.

*

మలక్‌పేట దవాఖానకు భిక్షపతి ఆటోలో తీసుకుపోయారు. భిక్షపతి లింగస్వామికి ఊరివాడు, కొత్తపేట చౌరస్తాలోని సమ్మె శిబిరంలో మైకు పట్టుకునేదీ అతనే. ఆటో అద్దం మీద జై తెలంగాణ అని రాసి ఉండబట్టి దారిలో రాస్తారోకోలు దారిచ్చాయి. దారి పొడుగునా రాములమ్మ బిడ్డ తలను రొమ్ముకు అదుముకుని కూర్చుంది. ఆ తల అటూ ఇటూ వాలిపోతుంటే ఆమె నోట దేవుళ్ళ పేర్లు కూడా రాలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. మౌనిక వేలికి క్లిప్పు పెడితే మిషన్ తొంభై తొమ్మిది చూపించింది. మనిషేమో ఊపిరి కోసం చేపలా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ క్లిప్పు తీసి ఇంకో వేలికి పెట్టింది. అదే అంకె. ఆమె మౌనిక ముఖం వైపు, ఆ బుగ్గల వైపు చాలాసేపు చూసి, గబగబా రక్తం తీయించి, ముక్కుకు నోటికి కలిపి మాస్కు పెట్టించింది. ఎక్స్‌రే తెచ్చాక కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఊపిరితిత్తులు ఇక్కడ నల్లగా కనపడాలి. చూడండి, తెల్లగా మబ్బు కమ్మినట్టుంది కదా, అదంతా నీరు. బొగ్గుపులుసు వాయువు కంటే పాడుది ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగుండదు, వాసనుండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట అది కూర్చుంటుంది. ఈ మిషన్‌కి ఏది కూర్చుందో తెలీదు, అందుకే తొంభై తొమ్మిది అంటోంది. ఎక్కువసేపు పీలిస్తే గుండె, మెదడు, ఊపిరితిత్తులు అన్నీ దెబ్బతింటాయి. లోపలి గాలి తిత్తుల గోడలు పాడైపోయి నీరు ఊరుతుంది. ఇంట్లో గ్యాస్ గీజర్ గానీ, జనరేటర్ గానీ ఉందా?"

"జనరేటరుంది మేడం!" లింగస్వామి ఒక్కసారిగా అరిచాడు. "కిటికీ పక్కనే! రోజూ నడిపిస్తడు మా ఓనరు!"

డాక్టరమ్మ రాములమ్మ వైపు తిరిగింది. "గదిలో పొగ వచ్చేదేమైనా పెట్టారా అమ్మా?"

"పొగనా? లేదమ్మా. పొగను లోపటికి రానియ్యను," అంది రాములమ్మ.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. లింగస్వామి కూడా కుంపటి మాట ఎత్తలేదు. అతనూ అలాంటి కుంపటి మీదే తల్లి పక్కలో వెచ్చగా పెరిగినవాడు. ఇంట్లో గడప ఉందని ఎవరైనా డాక్టరుకు చెబుతారా?

*

సాయంత్రానికి మౌనిక కళ్ళు తెరిచింది. ఇందిరాదేవి దగ్గర వదిలొచ్చిన పాప పాలకు ఏడుస్తుంటుందని రాములమ్మను ఇంటికి పంపారు. తోడుగా లింగస్వామి, భిక్షపతి, శిబిరంలోని మరో పదిమంది బయలుదేరారు. వీధి మలుపు తిరిగేసరికి ఆ పదిమంది పాతికమంది అయ్యారు.

సందులో జనరేటర్ చల్లబడి ఉంది. దాని గొట్టం ఎదుట గోడ మసిబారి నల్లగా ఉంది. ఆ మసి పక్కనే కిటికీ. అది చూడగానే జనానికి ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"మా నీళ్ళు, మా నౌకరీలు చాలలేదా? గిప్పుడు మా పాణాలు గూడ గావాల్నా?" అని భిక్షపతి అరిచాడు.

త్రినాథరావు షాపులోంచి లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. జిరాక్స్ మసి అంటిన చేతులు. ఏదో చెప్పబోయాడు. గోడ మీది మసి చూశాడు, కిటికీ చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖంలో రక్తం లేకుండా పోయింది.

అప్పుడు రాములమ్మ ముందుకొచ్చింది. కడుపు మంట కదా, ఆపుకోలేకపోయింది. వంగి ఇంత మన్ను తీసి ఆయన మీదికి విసిరింది. "నీ దుకాణం బుగ్గయిపోను! నా బిడ్డ ఉసురు నీకు తగలదా?" అని గొంతు చించుకుంది. మన్ను ఆయన బనీను మీద పడి జారింది. ఆయన దులుపుకోనైనా లేదు.

మెట్ల మీద ఇందిరాదేవి పాపను భుజాన వేసుకుని నిలబడి ఉంది. సీసాలో పాలు పట్టి అప్పుడే నిద్రపుచ్చినట్టుంది, చేతిలో ఇంకా ఆ సీసా ఉంది.

"మా పొల్లను ఇటియ్యి," అంది రాములమ్మ.

"ఇప్పుడే పడుకుందండీ. ఈ గొడవలో..."

రాములమ్మ పాపను లాక్కుంది. పాప గుప్పిట్లో ఇందిరాదేవి కొంగు చిక్కుకుంటే ఆ వేళ్ళు కూడా ఒక్కొక్కటే విప్పి లాక్కుంది. ఇందిరాదేవి వెనక్కి తిరిగింది. పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గడియ చప్పుడు కింద అందరికీ వినిపించింది.

జనరేటర్‌ను దొర్లించుకుంటూ చౌరస్తాకు తీసుకుపోయారు. పగలగొడదామన్నారు కొందరు. కానీ శిబిరంలో కరెంటు లేక మైకు మూగబోయి ఉంది. ఇంకేముంది, ఆ రాత్రి నుంచే పాటలూ ఉపన్యాసాలూ ఆ జనరేటర్ మీదే మోగాయి.

*

మౌనికను ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఊపిరితిత్తులు ఇంకా పచ్చిగా ఉన్నాయి, దగ్గు ఉంటుంది, కిటికీలు తీసి పెట్టండి అంది. రాములమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికి రాగానే కిటికీలోని చీర ముక్కలు తీసేసింది కూడా. సందులో ఇప్పుడు జనరేటర్ లేదు. అది నిలిచిన చోట నూనె మరక ఒకటి మిగిలింది. పై నుంచి మాటలు వినపడవు, అడుగుల చప్పుడు వినపడదు. షాపు షట్టర్ దించే ఉంది. ఇల్లంతా ఎవరో నోరు నొక్కి పెట్టినట్టుంది.

ముసురు వదల్లేదు. ఆ రాత్రంతా మౌనిక దగ్గింది. దగ్గినప్పుడల్లా పక్కటెముకలు పట్టుకుని ముడుచుకుపోయేది. రొమ్ములోంచి తడి గుడ్డ పిండుతున్న చప్పుడు వచ్చేది. అది వింటూ రాములమ్మ కంటి మీద కునుకు వేయలేదు. దగ్గంటే శీతం. శీతమంటే వెచ్చదనం తక్కువైందన్నమాటే. పచ్చి బాలింతను మూడు రోజులు దవాఖానలో చల్లటి గచ్చు మీద పెట్టారు, మందూ మాకూ సరే, కాపడం ఏది? విషం తెచ్చిన మాయదారి మిషన్ ఎలాగూ పోయింది. ఇంక భయమేముంది? తెల్లవారాక చీర ముక్కలు మళ్ళీ కిటికీలో కుక్కేసింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా కుక్కింది. వసారాలోకి వెళ్ళి కొబ్బరి పీచు పరిచింది.

పొగ లేచింది, పలచబడింది, చచ్చింది. కుంపటి మంచం కిందికి చేరింది.

పాప ఇప్పుడు తల్లి పక్కలోనే ఉంది. చేతులు చాచి మెట్లు దిగే మనిషి లేదు కదా.

లింగస్వామి శిబిరానికి వెళ్తూ గడపలో ఆగాడు. "అత్తమ్మా, ఇయ్యాల వంటావార్పు ఉంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెడ్తున్నం. సాయంత్రం జర నువ్వు రా. జరిగిందంత మైకుల చెప్పాలె నువ్వు. తల్లివి నువ్వు చెప్తె లోకం ఇంటది."

"ఒస్తా బిడ్డా," అంది రాములమ్మ.

ఇంతకు ముందైతే ఆమె మంచం కింద కుంపటి నెట్టేసి వంటింట్లో పడేది. ఈసారి భయం తీరక గదిలోనే గోడకు చేరగిలబడి కూర్చుంది. మధ్యాహ్నానికి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మూలుగుతూ ఆగాయి. అలవాటుగా జనరేటర్ చప్పుడు కోసం చెవి ఒగ్గింది. రాలేదు. సందు నిశ్శబ్దంగా ఉంది. దగ్గుతున్న మౌనిక దగ్గు ఆపేసింది. హమ్మయ్య, కాపడం పనిచేసిందనుకుంది రాములమ్మ.

కణతల దగ్గర ఎవరో సన్నగా సుత్తితో కొడుతున్నట్టు నొప్పి మొదలైంది. కాళ్ళు బరువెక్కాయి. కళ్ళ ముందు గోడ కొంచెం కొంచెంగా ఊగింది. లేవాలనుకుంది, లేవాలన్న తలపు వచ్చినచోటే ఆగిపోయింది.

అప్పుడు కనపడింది.

మంచం కాళ్ళ దగ్గర ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది. వీపు ఇటువైపు. మెడ ముందుకు చాచి, మంచం కిందికి వంగి, ఊదుతోంది. తొందరేమీ లేదు. ఊది, ఆగి, మళ్ళీ ఊదుతోంది. ఊదినప్పుడల్లా దుప్పటి అంచు కింద ఎర్రటి వెలుగు లేచి తగ్గుతోంది. పిల్ల చెప్పింది నిజమే. వచ్చింది, దీనికి నిప్పు భయం కూడా లేదు.

"ఎవలు నువ్వు?" అని అడిగాననుకుంది. మాట బయటికి రాలేదు.

ఆ మనిషి కట్టుకున్నది వంగపండు రంగు చీర. భుజం మీద చిరుగు, ఆ చిరుగుకు తెల్ల దారంతో వేసిన కుట్టు. నల్లదారం దొరక్క తెల్లదారంతో కుట్టింది ఎవరో. రాములమ్మ ఆ కుట్టును చూస్తూ ఉండిపోయింది. ఆ కుట్టు వేసిన చెయ్యి తనకు తెలుసు. మెల్లగా తన భుజం తడుముకుంది. వేలికి అదే కుట్టు తగిలింది.

ఆ కూర్చున్నది తనే.

ఎలా తెలిసిందో, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, డాక్టరమ్మ మాట చెవిలో పడింది. రంగుండదు, వాసనుండదు. జనరేటర్ చౌరస్తాలో ఉంది. మరి మౌనిక బుగ్గలు మళ్ళీ ఎందుకెర్రబడ్డాయి? పాప ఎందుకు ఏడవడం లేదు? పాల వేళ దాటి ఎంతసేపయింది?

రాములమ్మ లేవలేకపోయింది. పాక్కుంటూ వెళ్ళింది. కుంపటి అంచు చేత్తో పట్టుకుని బయటికి లాగింది. అరచెయ్యి చుర్రుమంది, ఆ మంటే ఆమెను నిలబెట్టింది. కుంపటి గడప దాటి వసారా వాన నీళ్ళలోకి దొర్లిపోయి బుసకొట్టింది. కిటికీలోని చీర ముక్కలు పళ్ళతో, గోళ్ళతో పీకింది. పాపను చంకనేసుకుని, మౌనిక జబ్బ పట్టి మంచం మీంచి లాగి, ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చి పడింది. వాన చినుకులు ముఖం మీద పడినా పాప కదలలేదు. రాములమ్మ దాని అరికాళ్ళు తట్టింది, వీపు రుద్దింది, ముఖం ముఖానికి ఆనించి బతిమాలింది.

"అక్కా! ఓ ఇందిరక్కా!"

పైన గడియ తీసిన చప్పుడైంది.

*

త్రినాథరావు పాత మారుతీ బయటికి తీసిన సంగతి, ఇందిరాదేవి చెప్పులైనా లేకుండా వెనక సీట్లో మౌనిక తలను ఒళ్ళో పెట్టుకున్న సంగతి రాములమ్మకు ముక్కలు ముక్కలుగా గుర్తు. కారు కదిలి, అద్దంలోంచి చల్లగాలి తగిలాక పాప ముందు మూలిగింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఇందిరాదేవి కూడా ఏడ్చింది. త్రినాథరావు మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఒకటే గొణుగుతున్నాడు.

"జనరేటర్ లేదు కదండీ. తీసుకెళ్ళిపోయారు కదా. మళ్ళీ ఎలా? ఇంకా ఆ గదిలోనే ఉండిపోయిందా ఆ పొగ? గోడలకి పట్టేసిందా?"

ఆయన గేరు మార్చడం కూడా మరిచిపోతున్నాడు. గడ్డం మాసింది, కళ్ళు గుంటలు పడ్డాయి. రాములమ్మ మన్ను పోసిన రోజు వేసుకున్న బనీనే ఇంకా ఒంటి మీద ఉంది.

దవాఖానలో తల్లికీ బిడ్డకూ మాస్కులు పెట్టారు. ఈసారి తొందరగా తెచ్చారని, గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. మౌనిక ఊపిరితిత్తులు మామూలుగా కావడానికి మాత్రం నెలలు పట్టొచ్చంది. రాములమ్మ కాలిన చేతికి కట్టు కడుతూ ఎలా కాలిందని అడిగింది. రాములమ్మ చెప్పింది. పొగ చచ్చేదాకా ఎలా విసురుతుందో కూడా చెప్పింది.

డాక్టరమ్మ కట్టు కట్టడం ఆపింది. "పొగ కనపడితే మనిషి బయటికి పరిగెడతాడమ్మా. కనపడకపోతేనే కూర్చునేది. మీ ఊళ్ళో పెంకుటిల్లు అయ్యుంటుంది, బొగ్గుల విషగాలి పెంకుల సందుల్లోంచి పోయేది. ఇక్కడ స్లాబు కింద ఎక్కడికి పోతుంది?" అంది. కసురుకోలేదు. కసురుకుంటే బాగుండునని రాములమ్మకు అనిపించింది.

బయట వరండాలో త్రినాథరావు ఒక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రాములమ్మ వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది. చెప్పకపోతే డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెబితే అల్లుడు మళ్ళీ బిడ్డను ముట్టుకోనిస్తాడో లేదో. ఆయన బనీను మీద తన మన్ను మరక ఇంకా కనపడుతూనే ఉంది.

"సారూ. మీ జనరేటర్ కాదు. నా కుంపటి. అప్పుడూ గదే, ఇప్పుడూ గదే."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"అయితే నా వల్ల కాదా అమ్మా?"

"కాదు సారూ."

"నేను చంపబోయానని... ఆ పిల్ల ముఖమే కనపడుతోందండీ కళ్ళు మూస్తే. అన్నం నోట్లోకి పోవట్లేదు. నా వల్ల కాదా?"

అంత పెద్దమనిషి, తల నెరిసినవాడు, దవాఖాన వరండాలో పదిమందీ చూస్తుండగా మోకాళ్ళ మధ్య తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. రాములమ్మ ఆ బల్ల పక్కనే నేల మీద కూలబడింది. తిట్టినా పడేది, కొట్టినా పడేది. ఆయన ఏడుపు చూడలేక కట్టు కట్టిన చేత్తో ముఖం కప్పుకుంది.

సాయంత్రం కొత్తపేట చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు వెలుగుతున్నాయి. గుండిగల్లో కిచిడీ ఉడుకుతోంది. తడి కట్టెల పొగ ఆకాశంలోకి పోతోంది. లింగస్వామికి అప్పుడే కబురు అందింది, దవాఖానకు బయలుదేరబోతున్నాడు. రాములమ్మ కారు దిగడం చూసి పరిగెత్తుకొచ్చాడు.

"బతికిండ్రు బిడ్డా. ఇద్దరు బతికిండ్రు. నువ్వు పో. పోయేముందు నేను చెప్పేది జర ఇనిపో," అంది.

అంతలోనే భిక్షపతి ఆమెను వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చాడు. "అన్నలారా, అక్కలారా! ఒక తల్లి గోస ఇనుండ్రి!" అన్నాడు. వేదిక వెనక జనరేటర్ డబడబమంటోంది. మైకు బరువు ఆమెకు తెలియదు, రెండు చేతులా పట్టుకుంది.

"అందరికి దండాలు. నాకు మాట్లాడ రాదు. మా ఓనర్ సారు మిషన్ నా బిడ్డను ఏం జెయ్యలే. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది నేను. కిటికీల గుడ్డలు కుక్కింది నేను. నా బిడ్డ పాణం నేనే తీయబోయి, సారు మీద మన్ను పోసిన. మీరందరు నా మాట నమ్మి ఆయన ఇంటి మీదికొచ్చిండ్రు."

భిక్షపతి వంగి చెవిలో గుసగుసలాడాడు. "పెద్దమ్మా, గిప్పుడు గీ ముచ్చటెందుకు? మంది ముందల ఇజ్జత్ పోతది." మైకు ఆ గుసగుసను కూడా చౌరస్తా అంతా వినిపించింది.

గరిటె తిప్పుతున్న ఆడవాళ్ళు చేతులాపారు. లింగస్వామి అత్తను చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో ఏముందో రాములమ్మ చూడదలచుకోలేదు, తల వంచుకుంది. అతను వేదిక వెనక్కు నడిచాడు. ఒక్క నొక్కుతో జనరేటర్ ఆగిపోయింది. అంత చౌరస్తాలో పొయ్యిలోని కట్టెల చిటపటలు మాత్రం మిగిలాయి.

"దవాఖానకు పోతున్న," అన్నాడు భిక్షపతితో. "గీన్ని ఆడ పెట్టి రాండ్రి. ఏడికెల్లి తెచ్చిండ్రో ఆడనే."

భిక్షపతి కాసేపు అటూ ఇటూ చూసి, తువ్వాలు నడుముకు బిగించి, హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. రాములమ్మ వేదిక దిగి, కాలని చేతిని దాని వెనక ఆనించింది. ఎవరూ వద్దనలేదు. చక్రాలు కిర్రుమంటూ తడి రోడ్డు మీద వీధిలోకి తిరిగాయి.

గేటు దగ్గర త్రినాథరావు ఎదురొచ్చాడు. "సందులో వద్దు బాబూ. ఎలాగూ కిటికీకి మరీ దగ్గరే అది. ఇటు వాకిట్లో, ఆరుబయట పెట్టండి," అన్నాడు.

మరునాడు లింగస్వామి పాపను ఇంటికి తెచ్చాడు. మౌనిక ఇంకా దవాఖానలోనే ఉంది. అతను పాపను అత్తకు ఇవ్వలేదు. గడపలో చేతులు ముడుచుకుని నిలబడిన రాములమ్మను దాటి, మెట్ల దగ్గరికి వెళ్ళి పిలిచాడు. ఇందిరాదేవి దిగి వచ్చి పాపను అందుకుంది. ముసురు విడిచి ఎండ కాస్తోంది. నాలుగు మెట్లు ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగింది.

"మీరూ రండి రాములమ్మగారూ. డాబా మీద కూర్చుందురుగాని."

రాములమ్మ అల్లుడి ముఖంలోకి చూసింది. అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కసాగింది.